స్టాంపు కాగితంతో విడాకులు రావు: నెల్లూరు జిల్లా ఊరి పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం.

ఉదయగిరి మెట్ట నుంచి ఇందుకూరుపేట సముద్రపొడ్డు దాకా, మన జిల్లాలో ఆలుమగల మధ్య తేడా వస్తే మొదటి కబురు మీకే వస్తుంది. రామాలయం అరుగు మీదో, రైసుమిల్లు గదిలోనో, ఎవరింటి వసారాలోనో కుర్చీలు వేయించి రెండు వైపుల వాళ్లనీ కూర్చోబెట్టేది మీరే. నేను నెల్లూరులో కుటుంబ కేసులు చూసే వకీలును. మీ దగ్గర తెగనివీ, తెగాయనుకున్నాక మళ్లీ చిక్కుపడినవీ చివరికి నా బల్ల మీదికి వస్తాయి. మీలో చాలామంది నాకు తెలుసు. కోర్టు పని మీద టౌనుకు వచ్చినప్పుడు ‘లాయరమ్మా, బాగుండావా’ అని పలకరించి పోతారు. ఆ చనువుతోనే రాస్తున్నాను.

పోయిన ఎండాకాలంలో ఒకావిడ వచ్చింది. సంచీలోంచి జాకెట్టు గుడ్డలో చుట్టిన కాగితం తీసింది. వంద రూపాయల స్టాంపు పేపరు. పన్నెండేళ్ల నాటిది. చిరిగిపోకుండా లామినేషన్ చేయించుకుంది. ‘మేమిద్దరం ఇష్టపూర్వకంగా విడిపోతున్నాము. ఇకమీదట ఒకరి మీద ఒకరికి ఎలాంటి హక్కులు లేవు. నాకూ నా కూతురికీ జీవితాంతం భరణం కింద రెండు లక్షలు ముట్టినవి. నేను గానీ నా కూతురు గానీ ఏ కోర్టుకూ పోము’ అని ఉంది. కింద ఇద్దరి సంతకాలు, ఐదుగురు పెద్దమనుషుల సంతకాలు, ఊదారంగు నోటరీ ముద్ర. ముట్టినవి అని రాసిన రెండు లక్షల్లో చేతికొచ్చింది లక్ష. మిగతా లక్ష కోతలయ్యాక ఇస్తామన్నారట. ఏ కోతకూ రాలేదు. అప్పుడు మూడేళ్ల పిల్ల ఇప్పుడు ఇంటర్‌లో చేరాలి.

‘ఈ కాగితం ఉంది గదమ్మా, నాకు విడాకులు వచ్చినట్టే గదా?’ అని అడిగింది. రాలేదమ్మా అన్నాను. ‘మరి ఆయన ఇంకో పెళ్లి చేసుకున్నాడే’ అంది. ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు. కాగితం తిరగేసి వెనక వైపు చూసింది. అక్కడ ఇంకేమైనా రాసి ఉందేమో అన్నట్టు చాలాసేపు చూసింది.

పెద్దలారా, ఇలాంటి కాగితాలు నా దగ్గరికి ఏటా వస్తూనే ఉన్నాయి. రాయించిన వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. ఆ రాత్రి ఇంట్లోంచి గెంటేసిన పిల్లను ఆటో ఎక్కించి పుట్టింటికి చేర్చింది కూడా మీరే. కానీ ఆ కాగితం చేసే చేటు మీకు తెలియాలి.

1955 హిందూ వివాహ చట్టం వచ్చాక కోర్టు డిక్రీ లేకుండా విడాకులు లేవు. దీనికి ఒక మినహాయింపు ఉంది. సెక్షన్ 29 కులాచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడుతుంది. ‘మా కులంలో ఎప్పటినుంచో ఇంతే’ అని మీరు చెప్పేది దీని గురించే. అయితే ఆ ఆచారం తరతరాలుగా, ఎడతెగకుండా, ఖచ్చితంగా నడుస్తోందని కోర్టులో చెప్పి, సాక్ష్యంతో రుజువు చేయాలి. యమనాజీ జాదవ్ కేసులో 2002లో, సుబ్రమణి కేసులో 2005లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. నేను చూసిన కేసుల్లో అలా రుజువు చేయగలిగినవి చాలా తక్కువ. ఇక నోటరీ ముద్ర అంటారా, ఫలానావాళ్లు నా ఎదుట సంతకం పెట్టారు అనడమే దాని పని. పెళ్లిని రద్దు చేసే అధికారం నోటరీకి లేదు.

కాబట్టి ఆ కాగితం రాసిన మర్నాడు కూడా వాళ్లు చట్టం దృష్టిలో భార్యాభర్తలే. మగపిల్లవాడికి మీరే ఇంకో సంబంధం చూసి పెళ్లి చేస్తే ఆ పెళ్లి చెల్లదు. మొదటి భార్య కేసు పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఏ పాపమూ ఎరగని రెండో పిల్ల, పెళ్లయిన ఆడమనిషిగా తనకు రావాల్సినవి దక్కక నలిగిపోతుంది. ఆమె పిల్లలను మాత్రం హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 కాపాడుతుంది, వాళ్లు సక్రమ సంతానమే. ఒక్క కాగితంతో రెండు ఇళ్లు గుల్లవుతాయి.

ఇంకా లోతైన గుంట ఒకటి ఉంది. దీన్ని చాలామంది వకీళ్లు కూడా పట్టించుకోరు. కాగితం మొదటి వాక్యం మళ్లీ చూడండి. ‘ఇష్టపూర్వకంగా విడిపోతున్నాము.’ ఎవరి మీదా నింద పడకూడదని, మర్యాదగా ఉంటుందని మీరు ఆ మాట రాయిస్తారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125గా ఉండి, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144 అయిన భరణం సెక్షన్‌లో ఒక షరతు ఉంది. భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటుంటే భార్యకు భరణం రాదు. కోర్టులో విడాకులు తీసుకున్న స్త్రీకి ఈ అడ్డం వర్తించదని సుప్రీంకోర్టు 1995లో వనమాల కేసులో చెప్పింది. డిక్రీ ఉన్నామెకు దారి ఉంది. డిక్రీ లేకుండా మీ కాగితం ఒక్కటే ఉన్నామెకు విడాకులూ రాలేదు, భరణానికీ అడ్డం పడింది. రెంటికీ చెడింది. అవతలి వకీలు ఆ మొదటి వాక్యం కింద గీత గీసి జడ్జిగారికి చూపిస్తాడు. అప్పుడు ఆమె ఇష్టపడి రాలేదని, మీ ముందు తల వంచుకుని సంతకం పెట్టిందని నేను రుజువు చేసుకోవాలి. అంటే మీకు ఎదురుగా నిలబడి మాట్లాడాలి.

ముస్లిం కుటుంబాల విడాకుల పద్ధతి వేరు, క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం ఉంది. పైన రాసింది హిందూ కుటుంబాల సంగతి. భరణం సెక్షన్ మాత్రం అందరిదీ. విడాకులైన ముస్లిం మహిళ కూడా ఆ సెక్షన్ కింద అడగవచ్చని 2024 జులైలో, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, సుప్రీంకోర్టు చెప్పింది.

‘మునుముందు ఏమీ అడగను’ అనే వాక్యం సంగతి. భరణం అడిగే హక్కును ముందే వదిలేసుకుంటున్నానని రాసిచ్చినా అది ప్రజాహితానికి విరుద్ధం, చెల్లదు. నాగేంద్రప్ప కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇలాంటి ఒప్పందాన్నే పక్కన పెట్టింది. ఇక బిడ్డ తరఫున ఆ మాట రాయడం అసలే తప్పు. బిడ్డ తిండీ చదువూ బిడ్డ సొంత హక్కు. తల్లి దాన్ని అమ్ముకోలేదు, మేనమామ వదులుకోలేడు, ఐదుగురు పెద్దలు సంతకం పెట్టి కొట్టేయలేరు. దయచేసి ఆ కాగితాల్లో బిడ్డ పేరు ఎక్కించకండి.

ఇప్పుడు కాలం గురించి. మీ పంచాయితీ ఎన్నాళ్లు నడుస్తుంది? అబ్బాయి బెంగుళూరు నుంచి రావాలి, వాళ్ల బాబాయి శబరిమల నుంచి రావాలి, ఆషాఢం పోవాలి, నాట్లు అయిపోవాలి. ఏడాది, ఏడాదిన్నర తేలిగ్గా పోతుంది. అన్నాళ్లూ ‘కోర్టుకు పోయావంటే ఇక మేము మాట్లాడం’ అని అమ్మాయిని ఆపుతారు. రజ్నేష్, నేహా కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం భరణం లెక్క అర్జీ వేసిన తేదీ నుంచి మొదలవుతుంది. పుట్టింటికి వచ్చిన రోజు నుంచి కాదు, మీ మొదటి పంచాయితీ నుంచి కాదు. మీ మాట విని ఆమె ఆగిన ప్రతి నెలా ఆమెకు పోయినట్టే. ఆ పాలడబ్బా, ఆ స్కూలు ఫీజు ఆమె తండ్రి అప్పు చేసి కట్టినవి. భరణం ఆర్డరు వచ్చాక కూడా ఇదే గొడవ. మొగుడు ఎగ్గొడితే బాకీ వసూలుకు వారంటు కోసం ఏడాది లోపు అర్జీ వేయాలి. ‘పండగ తర్వాత ఇప్పిస్తాంలే’ అన్న మాట మీద ఆమె ఆగితే ఏడాది దాటిన నెలలకు ఆ దారి మూసుకుపోతుంది.

అందుకని నేను అడిగేది ఇంతే. ముందు అర్జీ వేయనివ్వండి, పక్కన మీ మాటలు మీరు సాగించండి. కేసు వేస్తే రాజీ చెడిపోతుందని మీ భయం. నా అనుభవంలో వాయిదా తేదీ ఒకటి ఉంటే బాబాయిలు శబరిమల నుంచి త్వరగానే వస్తారు. రాజీకి కోర్టు ఎదురు కాదు. ముందు రాజీకి ప్రయత్నించడం ఫ్యామిలీ కోర్టు బాధ్యత అని 1984 చట్టంలోనే ఉంది.

డబ్బు లెక్క దగ్గర మీ సాయం నిజంగా కావాలి. ఎందుకంటే అక్కడ మాకు తెలియనిది మీకు తెలుసు. కోర్టులో మొగుడు వేసే కౌంటర్ ఎప్పుడూ ఒకటే: ‘నాకు ఉద్యోగం లేదు, మా నాయన మీద ఆధారపడి బతుకుతున్నాను.’ అదే మనిషికి కోడూరు వైపు రొయ్యల గుంటలు ఉంటాయి, కౌలు తమ్ముడి పేరు మీద ఉంటుంది. ధాన్యం ఎకరాకు ఎన్ని పుట్లు అయిందో, పుట్టి ఎంతకు అమ్మాడో కళ్లంలో ఉన్న మీకు తెలుసు. (మన పుట్టి 850 కిలోలని బయటి జిల్లాల నుంచి వచ్చిన వకీళ్లకు నేను చెప్పుకోవాల్సి వస్తుంది.)

ఆ 2020 తీర్పు ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాలు ప్రమాణపత్రం మీద బయటపెట్టాలంది. వ్యవసాయదారులకు ఒక నమూనా, మిగతావాళ్లకు వేరే నమూనా ఇచ్చింది. రైతు నమూనాలో భూమి ఎంత, తరా మెట్టా, సొంతమా కౌలా, గడిచిన మూడేళ్ల ఆదాయం ఎంత, గేదెలు, మేకలు, కోళ్లు, చేపల పెంపకం ఏమైనా ఉన్నాయా అని అడుగుతుంది. మన జిల్లా కోసమే రాశారా అనిపిస్తుంది నాకు. కానీ మా వకీళ్లే చాలామంది ఆ కాగితాన్ని మొక్కుబడిగా నింపి పడేస్తారు. సగం గళ్లలో ‘లేదు’ అని రాసి సంతకం పెట్టిస్తారు. ఇది మా తప్పు, ఒప్పుకుంటున్నాను. మీరు పంచాయితీలో కూర్చున్నప్పుడు ఆ నమూనానే ముందు పెట్టుకోండి. అడంగల్, వన్‌బీ లాంటి భూమి కాగితాలు, పాస్‌బుక్కు, సొసైటీ లోను కాగితం, ఉద్యోగమైతే మూడు నెలల జీతం స్లిప్పులు రెండు వైపులా తెప్పించండి. అమ్మాయికి జీతం ఉంటే అదీ దాచకుండా చెప్పించండి. లెక్క తెలియకుండా ‘ఒక రెండు లక్షలకు తెంచేయండి’ అనడం మానేయండి. మూడేళ్ల బిడ్డకు పద్దెనిమిది నిండాలంటే పదిహేనేళ్లు. రెండు లక్షలను పదిహేనేళ్లకు పంచితే నెలకు పదకొండు వందల చిల్లర. దానితో ఇద్దరు బతకాలి.

బంగారం మాట కొస్తే, పంచాయితీలో పిల్ల తండ్రీ అవతలి మామా బేరమాడుకుంటారు. ‘పది సవర్లు పెట్టాను, ఎనిమిదైనా ఇప్పించండి.’ పిల్ల లోపల గదిలో కూర్చుని వింటూ ఉంటుంది. ఆ బంగారం తండ్రిదీ కాదు, మామదీ కాదు. స్త్రీధనం పూర్తిగా ఆమెదే అని 1985లో ప్రతిభారాణి కేసులో తేలిపోయింది. కూతురు అధికారం ఇవ్వకుండా తండ్రి కూడా దాన్ని తిరిగి అడగలేడని 2024లో తెలంగాణకు చెందిన మూలకల మల్లేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గది తలుపు తీసి ఆమెను పిలిచి అడగండి.

పిల్లల విషయం రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు. రెండేళ్ల కిందట ఒక పంచాయితీకి నన్నూ రమ్మన్నారు, వెళ్లాను. ఏడేళ్ల పిల్లోణ్ణి మధ్యలో నిలబెట్టారు. చుట్టూ నలభై మంది ఉంటారు. ‘అబ్బయ్యా, భయపడబాక, చెప్పు. అమ్మ దగ్గరుంటావా, నాయన దగ్గరుంటావా?’ అడిగిన పెద్దాయన గొంతు మెత్తగానే ఉంది. పిల్లోడు చొక్కా అంచు నోట్లో పెట్టుకుని నమిలాడు. అమ్మను చూశాడు, నాయనను చూశాడు. ‘అవ్వ దగ్గర’ అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్లు ఎందుకు నవ్వుతున్నారో తెలియక వాడు ఏడ్చాడు. చొక్కా అంచు తడిసి ముడతలు పడిపోయింది. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు, కొత్తవాళ్లు నలుగురు కనిపిస్తే తలుపు చాటుకు పోతాడని తల్లి చెప్పింది.

కోర్టులో జడ్జిగారు పిల్లల్ని తన గదిలోకి పిలిచి, తల్లిదండ్రులను బయట ఉంచి మాట్లాడతారు. బిడ్డ తెలివిగా చెప్పగల వయసులో ఉంటే ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో ఉంది. కానీ అదే చివరి మాట కాదు. బిడ్డ క్షేమం ఏదో అదే చివరి మాట. ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. పిల్లలు వస్తువులు కారని, కస్టడీ ఆర్డరు ఎప్పటికైనా మార్చుకోవచ్చని 1973లోనే సుప్రీంకోర్టు రోసీ జాకబ్ కేసులో చెప్పింది. మీరేమో ‘మగబిడ్డ వాళ్ల వంశం, వాళ్లకి, ఆడబిడ్డ మీకు’ అని ఒక్క మాటతో అన్నాచెల్లెళ్లను విడగొడతారు. నాయన విడిపోయిన దుఃఖం ఒకటి, తోడబుట్టినవాడు విడిపోయిన దుఃఖం ఇంకొకటి. రెండూ ఒకేరోజు ఆ పిల్ల మీద వేయకండి.

బిడ్డ ఒకరి దగ్గర ఉంటే రెండోవారు చూసే ఏర్పాటు కూడా రాయించండి. ‘అప్పుడప్పుడు చూసుకోవచ్చు’ అని వదిలేస్తే మొదటి సంక్రాంతికే గొడవ. ఏ ఆదివారాలు, ఎక్కడ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, సంక్రాంతి, దసరా సెలవులు ఎవరికెన్ని రోజులు, ఎండాకాలం సెలవులు ఎట్లా, వారంలో ఏ రోజు వీడియో కాల్, అన్నీ తేదీలతో రాయాలి. రెండో తల్లిదండ్రితో ఫోనులో, వీడియోలో మాట్లాడే హక్కు బిడ్డకు ఉండాలని 2020లో యశిత సాహు కేసులో సుప్రీంకోర్టు ప్రత్యేకంగా చెప్పింది. భరణం ఇవ్వలేదని బిడ్డను చూపించకపోవడం, బిడ్డను చూపించలేదని భరణం ఆపేయడం, రెండూ తప్పే. ఆ రెండిటినీ ముడిపెట్టనివ్వకండి.

నిజంగా ఇక కలవరు అని మీకూ అనిపిస్తే, మీ ఒప్పందాన్ని స్టాంపు పేపరు మీద ఆపకుండా కోర్టు దాకా తీసుకురండి. ఏడాదిగా విడిగా ఉంటున్నవాళ్లు హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయవచ్చు. ఆరు నెలలు ఆగి మళ్లీ హాజరవ్వాలి. ఏడాదిన్నర దాటి విడిగా ఉంటూ, రాజీకి ఆస్కారం లేక, భరణం, పిల్లల సంగతులు తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలలు కూడా తగ్గించమని అడగవచ్చు, 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో ఆ వీలు వచ్చింది. డిక్రీ వచ్చే దాకా ఇద్దరి అంగీకారమూ నిలిచి ఉండాలి, మధ్యలో ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు. డబ్బు మధ్యవర్తి ఇంట్లో పెట్టించవద్దు. సగం మొదటి హాజరు రోజు, సగం రెండో హాజరు రోజు డీడీగా కోర్టులోనే చేతికివ్వాలి. బిడ్డ వాటా బిడ్డ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించాలి. ‘కోతలయ్యాక’ అనే మాట ఆ కాగితంలో ఉండకూడదు.

కోర్టంటే ఖర్చని మీరు అంటారు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టంలో ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నెల్లూరు కోర్టులోనే ఉంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. కోర్టంటే ఆలస్యమనీ అంటారు. అది నిజం. మధ్యంతర భరణం 60 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయి, అందులో మా వకీళ్ల పాలు ఉంది. ఉదయగిరి నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి, చంకలో బిడ్డతో వచ్చి, సాయంత్రం నాలుగింటికి ‘వాయిదా’ అన్న ఒక్క మాట విని వెళ్లే తల్లులను నేను రోజూ చూస్తున్నాను. ఆ సంగతి మా వకీళ్ల సంఘంలో నేను మాట్లాడుతూనే ఉంటాను. మీ వైపు మీరు చూడండి.

లామినేషన్ కాగితం ఆవిడ కేసు వేశాం. మొగుడు కౌంటర్‌లో అదే కాగితం జెరాక్స్ జతచేసి, పెద్దల సమక్షంలో విడాకులయ్యాయి, రెండు లక్షలూ ముట్టాయి అన్నాడు. కిందటి నెల ఆ ఊరి పెద్దాయన ఒకరు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, ఆ కాగితం చూపించమన్నారు. కళ్లజోడు పెట్టుకుని కింద సంతకాలు వెతికారు. మూడో సంతకం మీద వేలు పెట్టి, ‘ఇది నాదే లాయరమ్మా. ఆ రెండో లక్ష ఇవ్వలా. నాకు తెలుసు. వచ్చి చెప్తా’ అన్నారు. వచ్చే వాయిదాకు ఆయన పేరు సాక్షుల జాబితాలో పెట్టాను.

ఇట్లు,
నెల్లూరు కోర్టులో ఒక న్యాయవాది